ఓడలో మోగిన సైరన్

మా కోలారు గనుల ఊరికి నీళ్ళిచ్చే బేతమంగళ చెరువు నీళ్ళు తాగి పెరిగాను. ఆ నీళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

మొన్నటి వేసవిలో అమ్మానాయనలకు మ్యూజియంగా మార్చిన పాత యుద్ధనౌకను చూపించడానికి తీసుకెళ్ళాను. కోలారు బంగారు గనిలో పనిచేసి రిటైరైన నాయన, ఇనుప నిచ్చెన కనబడగానే కింది ఇంజను గదిలోకి దిగిపోయాడు. మేం పైనే నిలబడ్డాం.

అంతలో చూడవచ్చినవాళ్ళ సరదా కోసం సైరన్ మోగించారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఊళ్ళో షిఫ్టు వేళ కాకుండా సైరన్ మోగిందంటే గనిలో రాయి కూలినట్టే. ఆడవాళ్ళంతా గనిలోకి దిగే బావి, షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు.

"ఏ షాఫ్టంట?" అంది అమ్మ.

"ఇది ఓడమ్మా."

"ఓడైతే ఏమి? నాయన కిందనే కదా ఉండాడు."

"నాయనా" అని కేకేశాను. ఇనుప గోడలు నా గొంతునే తిరిగి పంపాయి. సైరన్ ఆగింది.

చివరికి నిచ్చెన మీద నాయన తల కనిపించింది.

"బంగారమేమీ లేదప్పా కింద. ఇంగ పోదాం పాండి."

ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. అమ్మ మాటలూ నా మాటలూ తారుమారు చేశాను. ఏ షాఫ్టని అడిగింది నేను. ఇది ఓడప్పా అన్నది అమ్మ.