స్టార్టర్ మోటారుతో ఘాజియాబాద్ దాకా

మా ఆఫీసరుగారికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. పాత ట్రాక్టర్‌కు రంగు వేయించేముందు నన్నొకసారి అడగమని మొదటిది. రంగు వేశాక స్టార్టర్ తిరగడం లేదని రెండోది. తుక్కుకింద అమ్మవద్దని మూడోది. ఢిల్లీ శివార్లలోని మా ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో పందొమ్మిదేళ్లు నేను నడిపిన బండి అది. ఆయన మాత్రం 'స్టార్టర్ కాలిపోయింది' అని ఫైలులో రాసేశారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తుక్కు లారీ వస్తుందన్నారు.

ఆ శుక్రవారం సెలవు పెట్టాను. ముందురోజే విప్పి తెచ్చుకున్న మోటారును గోనెసంచిలో చుట్టి, ఉదయం ఏడుంబావుకు సరోజినీ నగర్‌లో బస్సెక్కాను. బాంబుల భయంతో, అనుమానం కలిగించే వస్తువులను తాకవద్దని బస్సుల్లో రాసి ఉండే రోజులవి. పక్క సీటావిడ కాలికి సంచి తగిలింది. రాగి తీగ కనబడింది.

"భయ్యా, ఇస్‌మే క్యా హై?"

సంచిలో ఏముందని ఆవిడ అడిగితే మోటారన్నాను. ఆవిడ లేచి కండక్టరును కేకేసింది. కండక్టరు నన్ను సంచితో సహా పోలీసు చౌకీ దగ్గర దించేశాడు. నలభై నిమిషాలు పోయాయి. చివరికి హర్యానా కానిస్టేబుల్ ఒకాయన సంచి విప్పి, పళ్లచక్రాన్ని వేలితో తిప్పి నవ్వాడు. "అరే, ఇది మా ఇంట్లో ట్రాక్టర్‌కీ ఉంది," అంటూ తనే తర్వాతి బస్సు ఆపి ఎక్కించాడు. ఇలాంటి సామాను తీసుకెళ్లేవారు ఆఫీసు చీటీ ఒకటి వెంట ఉంచుకోండి.

ఆనంద్ విహార్‌లో బస్సు మారి ఘాజియాబాద్ చేరేసరికి పదకొండు. పాత ట్రాక్టర్లు బాగుచేసే సర్దార్జీ మోటారును బల్లకు బిగించి బ్యాటరీ తీగలు తగిలించారు. అది గిర్రున తిరిగింది. నాకు సంతోషం బదులు భయం వేసింది. మోటారు మంచిదే అయితే లోపమెక్కడ?

"రంగు వేశారా?" అని అడిగారాయన.

పై అధికారుల తనిఖీకి ముందురోజు వేశారని చెప్పాను.

"బ్యాటరీ నుంచి బండి ఇనుప చట్రానికి వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, దాని కింద కూడా రంగు పూసి, మళ్లీ బిగించేసి ఉంటారు. రంగులోంచి కరెంటు పోదు బాబూజీ. గీకండి."

ఆ పట్టీని నేనూ రోజూ చూశాను. కొత్త రంగులో మెరుస్తుంటే బాగానే ఉందనుకున్నాను. అంతవరకు నా తప్పే.

పన్నెండుంబావుకు తిరుగు బస్సు. దారిలో కొన్న ఛోలే కుల్చే రొట్టెల పొట్లం విప్పనేలేదు. యమునా వంతెన మీద జామ్‌లో ముప్పావుగంట వాచీనే చూస్తూ కూర్చున్నాను. క్షేత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి మూడుంబావు. లారీ అప్పటికే వచ్చింది. ట్రాక్టర్‌కు తాళ్లు కడుతున్నారు.

"అరగంట ఆగు భయ్యా," అని డ్రైవరును బతిమాలాను. మోటారు బిగించి, పట్టీ విప్పి, ఇనుము తెల్లగా కనబడేదాకా గీకాను. బటన్ నొక్కితే మొదటిసారికే ఇంజను అందుకుంది. తాళ్లు డ్రైవరే విప్పాడు. వరండాలో నిలబడ్డ ఆఫీసరుగారు లోపలికి వెళ్లిపోయారు.

తిరిగి సరోజినీ నగర్ బస్సులో కూర్చుంటే గోళ్లనిండా ఆకుపచ్చ రంగు. గీకిన రంగు పెచ్చు ఒకటి జేబులో దాచాను. సోమవారం పది గంటలకు దాన్ని నాలుగో ఉత్తరానికి గుచ్చి ఆఫీసరుగారికి ఇస్తాను. అందులో రాసేది ఇంతే: మోటారు కాలిపోయిందని ఏం చూసి రాశారు? దీనికైనా సంతకం పెట్టి జవాబివ్వండి.