కత్తెర గుర్తు ఆటోలో కొత్త జడ్జి

ఉద్యోగంలో చేరిన రోజే, కుర్చీలో కూర్చోకముందే, ఆ కుర్చీ పోగొట్టుకోబోయిన జడ్జిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఇప్పుడు సీనియర్ సివిల్ జడ్జినయ్యాను కాబట్టి నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నా మొహం చూసుంటే మీరే జాలిపడి ఇన్ని మంచినీళ్లు ఇచ్చేవారు.

జూనియర్ సివిల్ జడ్జిగా నాకు భోగాపురం అవతల, సముద్రం దగ్గర్లో ఉన్న చిన్న ఊరి కోర్టు ఇచ్చారు. శిక్షణలో మాకు పదేపదే చెప్పిన మాట ఒకటుంది. జడ్జి అందరికీ దూరంగా ఉండాలి, ఎన్నికలప్పుడు ఇంకాస్త దూరంగా ఉండాలి, పోటీచేసే వాళ్ల పక్కన ఫొటోలో కూడా కనపడకూడదు. క్లాసులో అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

చేరేముందు రోజు కోర్టు సూపరింటెండెంటు ఫోన్ చేసి, విజయనగరానికి కారు పంపిస్తానన్నారు. వద్దండీ, బస్సులో వస్తానన్నాను. కొత్త జడ్జమ్మకి బొత్తిగా గర్వం లేదని జనం చెప్పుకోవాలని నా గర్వం. ఆ బస్సు సగం దారిలో ఖళ్లున దగ్గి, పొగ వదిలి ఆగిపోయింది. పదిన్నరకల్లా కోర్టులో ఉండాలి. వెనకనుంచి ఒక ఆటో వస్తే చెయ్యెత్తాను. కోర్టు దగ్గర దించాలన్నాను. కూకోండి మేడమ్ అన్నాడు డ్రైవరు. కూర్చున్నాను.

అప్పుడు పంచాయతీ ఎన్నికలు నడుస్తున్నాయి. ఆ ఆటో నెత్తిన ఒక మైకు, వీపున ఒక పెద్ద ఫ్లెక్సీ ఉన్నాయి. ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించిన ఒకావిడ, ఆవిడ పక్కన ఆవిడంత కత్తెర. ఆవిడ పేరు రాజులమ్మ, సర్పంచి పదవికి నిలబడింది. డ్రైవరు సూరిబాబు ఆవిడ మరిది. పాడైపోయిన మైకును విజయనగరంలో మెకానిక్కుకి చూపించి, బాగవక అలాగే తిరిగొస్తున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఎక్కేటప్పుడు నేను చూసింది నా చేతి గడియారం ఒక్కటే.

మొదటి ఊరు రాగానే రోడ్డు పక్కన వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు లేచి చేతులూపారు. నాకు ఒళ్లు పులకరించింది. కొత్త జడ్జి వస్తోందని కబురు అప్పుడే ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట. నేనూ ఊపాను. తర్వాతి మలుపులో చేపల గంపలతో ఆడవాళ్లు నవ్వుతూ పలకరించారు. ఈసారి లేచి నిలబడినంత పనిచేసి రెండు చేతులూ జోడించాను. న్యాయవ్యవస్థ మీద ప్రజలకు ఇంత ప్రేమ ఉందని మాకు శిక్షణలో ఒక్కరూ చెప్పలేదే అనుకున్నాను. సూరిబాబు ఆటో వేగం తగ్గించాడు. అదీ నా మీద గౌరవమే అనుకున్నాను.

ఒకచోట కళ్లకి శుక్లాలు కమ్మిన ముసలావిడ ఆటోకి అడ్డంగా వచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, మా ఈదిలో కుళాయి ఏసి ఏడాదైపోనాది. సుక్క నీరు రాలేదు. నువ్వైనా సూడమ్మా."

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. నేను మాత్రం ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని గంభీరంగా అన్నాను.

"నేనొచ్చాను కదమ్మా, న్యాయం జరుగుతుంది."

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో ఫొటో తీశారు. నేను పోజు కూడా ఇచ్చాను.

కోర్టు గేటు దగ్గర లాయర్లు, సిబ్బంది పూలగుత్తులతో వరసగా నిలబడి ఉన్నారు. గేటు ముందు ఒక స్పీడు బ్రేకరుంది. ఆటో దాని మీద ఎగిరిపడింది. విజయనగరం మెకానిక్కుకి అంతవరకూ లొంగని మైకు ఆ కుదుపుకి లొంగింది. నేను సరిగ్గా కాలు కింద పెట్టేసరికి ఊరంతా వినపడేలా మోగింది.

"మీ ఇంటి ఆడపడుచు మీ ముందుకు వస్తోంది. కత్తెర గుర్తుకే మీ ఓటు వేసి గెలిపించండి."

నేను వెనక్కి తిరిగి మొదటిసారి ఆ ఫ్లెక్సీ చూశాను. అంతవరకూ ఊపిన చెయ్యిని గబుక్కున వెనక్కి దాచుకున్నాను. బార్ అసోసియేషన్ అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దాయన, పూలగుత్తి అలాగే పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"మేడమ్, మా కోర్టుకి జడ్జీని కూడా ఇప్పుడు ఓట్లేసి గెలిపించుకోవాలేటండీ?"

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్న ముఖాలు అన్ని ఒకేచోట నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. సూరిబాబు మైకు తీగ పీకేసి, నన్ను లాయరమ్మ అనుకున్నానని చెప్పుకున్నాడు. మరి వేగం ఎందుకు తగ్గించావని అడిగితే తల గోక్కున్నాడు.

"మీరు సెయ్యూపుతుంటే శానా బాగున్నాది మేడమ్. మా వొదినకి నేర్పుతన్నా రాదు."

నా గదిలోకి వెళ్లేసరికే ఆ ఫొటో ఊళ్లోని ఫోన్లన్నిటికీ చేరింది. ముసలావిడ చెయ్యి పట్టుకుని నేను, నా వెనక కత్తెర. మధ్యాహ్నానికల్లా రాజులమ్మ ప్రత్యర్థి ఎన్నికల అధికారికి ఫిర్యాదు చేశాడని తెలిసింది. భోజనం డబ్బా మూత తియ్యకుండానే పక్కన పెట్టేశాను. నన్ను చదివించడానికి మా అమ్మ కుట్టిన జాకెట్లన్నీ కళ్లముందు తిరిగాయి. ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పేద్దామని జిల్లా జడ్జిగారికి ఫోన్ చేసి, బస్సు పొగ దగ్గర్నుంచి కుళాయి హామీ దాకా ఏదీ దాచకుండా చెప్పేశాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత ఫిర్యాదు సంగతి ఎన్నికల అధికారి తనకూ చెప్పారన్నారు. అందులో జడ్జి అన్న మాటే లేదట.

"మరేముంది సార్?"

"రాజులమ్మ ఎవరో టీవీ సీరియల్ నటిని తెచ్చి ప్రచారం చేయిస్తోందట. ఆవిడ పారితోషికం ఎన్నికల ఖర్చులో చూపించలేదని ఆ ప్రత్యర్థి బాధ."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నారు ఆయన. పంపాను. ఆటోలో ఉన్నది నటి కాదు, బస్సు చెడిపోయిన ప్రయాణికురాలని ఎన్నికల అధికారి తేల్చేశారు. ఫిర్యాదు మూసేశారు. నేను కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఉద్యోగం ఉన్నట్టేనా అని అడిగింది. ఉన్నట్టే అన్నాను. ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాను.

"ఆ సీరియల్లో నువ్వు కోడలివా, అత్తవా?"

అది మాత్రం ఫిర్యాదులో రాయలేదు. కాబట్టి వాదనలన్నీ విన్న పిమ్మట నా మీద నేనే ఇచ్చుకున్న తీర్పు ఇది: ఎవరైనా నన్ను చూసి చెయ్యూపితే ముందు నా వెనక ఏముందో చూసుకుంటాను, ఆ తర్వాత కూడా ఊపను. ఈ తీర్పు మీద అప్పీలు లేదు.