గొంగడి గంజి పూసిన గిటారు

కోటగిరిలో ఒక పెళ్లి విందులో, వడ్డనకు సిద్ధంగా ఉన్న పెరుగు గంగాళంలో గిటారు పలక ఎందుకు తేలిందో ఈ పూట చెప్పేస్తాను. బాన్సువాడ చుట్టుపక్కల ఈ కథ తెలియనివాళ్లు తక్కువ. తెలిసినవాళ్లందరికీ తప్పుగా తెలుసు. ఎందుకంటే వాళ్లకు చెప్పింది నేనే. ఇరవై నాలుగేళ్లు చెప్పాను, నవ్వించాను, ఆ నవ్వుల మీద ఎన్నో టీలు ఉత్తపుణ్యానికి తాగాను. అసలు జరిగింది చెబితే మీకు నవ్వొస్తుందో రాదో తెలియదు. వస్తే నా మీద నవ్వండి. ఇంకెవరి మీదా వద్దు.

ఎనభైల మొదట్లో బిచ్కుంద రోడ్డులో ఒక ఫోటో స్టూడియో పెట్టాను. ఒక కెమెరా, ఒక ఫ్లాష్, మంచుకొండలు గీసిన ఒక తెర, వచ్చినవాళ్లందరికీ తొడిగే ఒకే ఒక్క నల్ల కోటు. ఫోటోల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఉన్న ఆధారమల్లా, ఆ వీధిలో రెండో స్టూడియో లేకపోవడమే.

పండు నాయక్ ఊరి పక్క తండా కుర్రాడు. నాకంటే రెండేళ్లు చిన్న. పగలంతా పొలాల్లో కూలి, సాయంత్రం గిటారు. రెండు మేకలు అమ్మి, బోధన్‌లో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. రేడియో వింటూ తనంతట తానే నేర్చుకున్నాడు. ఎంత బాగా వాయించేవాడో చెప్పలేను, ఎందుకంటే నాకు సంగీతం తెలియదు. కానీ అతను వాయిస్తుంటే మా వీధిలో కుట్టుమిషన్లు ఆగిపోయేవి. అది మాత్రం చూశాను.

మా ఊళ్లో మహబూబ్ మాస్టరుకు ఒక ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది. పెళ్లిళ్లకు వెళ్లి పాటలు పాడేవాళ్లు. ఆయన పండుతో, "కోటగిరి పెండ్లిల వాయించు. మంచిగనిపిస్తే పార్టీల ఉండిపో" అన్నాడు. లేకపోతే ఏమవుతుందో పండుకు తెలుసు. చెరుకు సీజను రాగానే అమ్మానాన్నలతో పాటు డోంగ్లి దాటి మహారాష్ట్రలోకి పోయి, నెలల తరబడి చెరుకు కొట్టాలి.

"గీ పెండ్లి ఒక్కటి గట్టెక్కితే ఇగ నేను కొడవలి పట్ట అన్న" అన్నాడు నాతో. ఆ మాట అంటూ తన అరచేతులు చూసుకున్నాడు.

పార్టీ కరపత్రానికి ఫోటో కావాలని మాస్టరు పండును నా దగ్గరకు పంపాడు. గిటారు పట్టుకుని నిలబడ్డాడు. ఫ్లాష్ కొట్టాను. ఫిలిం కడిగి చూస్తే పండు ఉన్నాడు, కోటు ఉంది, మంచుకొండలున్నాయి, గిటారు మాత్రం లేదు. అది ఉండవలసిన చోట, సరిగ్గా అతని పొట్ట మీద, సూర్యుడు ఉదయించాడు. గిటారు మీద వార్నిష్ అంతలా మెరిసేది మరి. మళ్లీ తీశాను. మళ్లీ సూర్యోదయమే.

"నా గిటారేదన్నా?" అన్నాడు పండు.

"దాని మెరుపే దాన్ని మింగింది తమ్మీ."

"మరెట్ల?"

"ఫికర్ జెయ్యకు. మెరుపు దీసేద్దాం."

అయ్యా, గిటారును జానెడు పక్కకు వంచి పట్టుకోమంటే సరిపోయేది. ఆ ఉపాయం నాకు పదకొండేళ్ల తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే తట్టింది. చెంబు అక్కడే వదిలేసి చాలాసేపు గోడను చూస్తూ కూర్చున్నాను.

మెరవనిది ఏముంది లోకంలో అని ఆలోచించాను. మా ఇంటి వెనక మల్లవ్వ అని ఒక పెద్దామె గొంగళ్లు నేసేది. గొంగడి మెరవగా మీరెప్పుడైనా చూశారా? ఎండలో వేయండి, దీపం పక్కన వేయండి, పెళ్లికొడుక్కి కప్పండి, మెరవదు. ఎందుకు మెరవదు? నేసే ముందు ఉన్ని నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి. ఇదీ నా పరిశోధన. ఉన్ని దానంతటదే మెరవదన్న ముచ్చట నా బుర్రలోకి రాలేదు. అక్కడ అప్పటికే చోటు లేదు, తెలివి నిండిపోయింది.

"అవ్వా, కొంచెం గంజి పొయ్యవా?" అన్నాను గిన్నె పట్టుకుని.

"నీకెందుకురా గంజి? గొంగడి నేస్తవా ఏంది?"

"తెర చినిగింది. అతికించాలె."

"ఎండితే రాయోలె ఉంటది. తడి తగిలిందా, మల్ల బంకనే. ఎరుకనా?"

"ఎరుకే, ఎరుకే."

పండు మూడు రోజులు గిటారు నా దగ్గర వదిలి వెళ్లాడు. మొదటి రోజు గరుకు కాగితంతో వార్నిష్ మొత్తం గీకేశాను. దానితో కట్టెను నీళ్ల నుంచి కాపాడుతున్నది కూడా పోయింది. గంజిలో దీపపు మసి కలిపి, నీళ్లతో పలుచన చేసి, కుంచెతో పూశాను. ఎండాక మళ్లీ పూశాను. చేయి ఆగక మూడోసారీ పూశాను. తీగలు విప్పుదామంటే మళ్లీ బిగించడం రాదు, అందుకని అవి ఉండగానే వాటి సందుల్లోంచి కుంచె దూర్చాను. గిటారు పలకలను కూడా జిగురుతోనే అతికిస్తారని, ఆ జిగురు నీళ్లు తాగితే మెత్తబడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

కానీ ఒక్కటి నిజం. చూడటానికి ఎంత బాగుందో! మెరుపన్నది లేదు. నల్లరేగడి నేలలా, పడిన వెలుతురునంతా లోపలికి తాగేస్తోంది. పండు చూసి నోరు తెరిచాడు.

"ఏం రంగన్నా గిది?"

"హైదరాబాదుకెళ్లి తెప్పించిన. ఖరీదైన రంగు. పేరు చెప్పినా నీకు తెల్వదు."

ఇది మొదటి అబద్ధం. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మాస్టరు నా వీపు తట్టాడు.

రెండు రోజుల తర్వాత పండు మళ్లీ వచ్చాడు. ముఖంలో ఏదో అనుమానం.

"అన్నా, మా మేక గిటారును నాకుతుంది."

"దానికి గూడ సంగీతం ఇష్టమేమో."

"అది గాదన్న. తోలినా మల్లొచ్చి నాకుతుంది. చీమలు గూడ వడుతున్నయ్."

"హైదరాబాద్ రంగు గదా, మన దిక్కు మేకలకు కొత్త. చాపల చుట్టి పైన వెట్టు."

పెళ్లి రోజు వచ్చింది. పెళ్లికూతురుది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డ కుటుంబం. రైసు మిల్లు ఆవరణలో పందిరి, నిండు మధ్యాహ్నం, భోజనాల వేళ. వడ్డించే గంగాళాల పక్కనే పార్టీకి ఎత్తుపీట వేశారు. నేను ఫోటోలు తీస్తున్నాను.

రెండు పాటలు అయ్యాయి. పండు వాయిస్తుంటే విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని వింటున్నారు. మాస్టరు హార్మోనియం మీద నుంచి నన్ను చూసి తల ఊపాడు. పండుకు పార్టీలో చోటు దొరికినట్టే. ఆ క్షణంలో పెళ్లికూతురు తండ్రి మర్యాద మాకు పట్టిన శనిలా వచ్చింది.

"కళాకారులు ఎండలో ఉడికిపోతున్నారండీ! అమ్మాయ్, ఇలా రా. పన్నీరు చల్లు. ఇంకా చల్లమ్మా, ఇదేమైనా ఇంట్లో దాచుకునేదా?"

ఆ అమ్మాయి బుడ్డి ఖాళీ చేసేదాకా చల్లింది.

మూడో పాట సగంలో పండు నా వైపు చూసి మెల్లగా అన్నాడు. "అన్నా, చెయ్యి అంటుకుంటుంది."

"వాయించు, వాయించు."

"రాదన్నా. గుంజితే కట్టె గూడ వస్తుంది."

"ఆగకురా! మాస్టర్ సూస్తుండు!"

పండు చేయి గట్టిగా లాగాడు. టప్పుమని ఒక చప్పుడైంది. తీగలు కట్టిన చెక్క పైకి లేచింది, రెండు తీగలు తెగి మాస్టరు చెవి పక్కగా పాములా బుస్సుమన్నాయి. వెనక పలక అప్పడంలా ఊడి, ఎగిరి, పక్కనున్న పెరుగు గంగాళంలో పడింది. తెల్లటి పెరుగులో నల్లటి గంజి మెల్లమెల్లగా విచ్చుకుంది. పండు చొక్కా మీద, చేతుల మీద, ముఖం మీద మసి. చేతిలో గిటారు మెడ ఒక్కటే మిగిలింది.

"ఇదేం పనండీ? రెండొందల మంది ఇంకా తినాలండీ!" అని పెళ్లికూతురు తండ్రి తల పట్టుకున్నాడు.

మాస్టరు ముఖం ఎర్రబడింది. "ఏం జేసినవ్‌రా దీన్ని?"

"నేనేం జెయ్యలే మాస్టర్. చాపల చుట్టి పెట్టిన, అంతే."

మాస్టరు నా వైపు తిరిగాడు. "రంగేసింది నువ్వే గదా? గిదేంది?"

నిజం చెప్పడానికి నాకు అప్పుడు ఒక్క గుటక మింగేంత సమయం దొరికింది. గుటక మింగాను.

"రంగు మంచిదే మాస్టర్. నా దగ్గరున్నన్ని రోజులు మంచిగనే ఉండె. కాల్వల గిట్ల కడిగిండేమో."

నా మాటలో కాస్తో కూస్తో నిజాయితీ ఉంటే అది చివరి 'ఏమో'లో ఉంది. మాస్టరు దాన్ని అక్కడే వదిలేసి మిగతాది తీసుకున్నాడు.

"గొడ్డును కడిగినట్టు గిటారును కాల్వల కడిగినవార?"

పందిరంతా నవ్వింది. పెళ్లికూతురు తండ్రి కూడా, పెరుగు మరిచిపోయి నవ్వాడు. పండు వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. తర్వాత ముక్కలన్నీ ఏరుకుని, తువ్వాల్లో మూటగట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు అతను చెరుకు కొట్టడానికి పోయాడు.

నేను మా వీధి టీ హోటల్లో కూర్చుని కథ చెప్పాను. మొదట కాలువ ఒక్కటే ఉండేది. వారం తిరిగేసరికి సబ్బు చేర్చాను. నెల తర్వాత బర్రెను తెచ్చి పక్కన నిలబెట్టాను, ఒకసారి దాని వీపు, ఒకసారి దీని వీపు తోముతున్నాడన్నాను. జనం టీ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వేవారు. అతనికి 'కాల్వ పండు' అని పేరు పడింది.

మొన్నామధ్య ఒక అమ్మాయి స్టూడియోకు వచ్చింది. టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి, చిన్న ఫోటోలు కావాలి. కుర్చీలో కూర్చోబెట్టి, మాట కలుపుదామని అడిగాను.

"ఎవరి బిడ్డవమ్మా?"

"కాల్వ పండు బిడ్డను సార్."

సిగ్గుపడలేదు, నొచ్చుకోలేదు. ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. "నాయినకు గా పేరెట్లొచ్చిందో తెల్వది సార్. అడిగితే చెప్పడు" అంది. నేను కెమెరా వెనక తల దాచుకున్నాను. "నవ్వాల్నా సార్?" అని అడిగింది. "వద్దమ్మా" అన్నాను.

మర్నాడు తండాకు పోయాను. పండు ఇంటి ముందు మంచం అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. చాయ్ గ్లాసు అందిస్తుంటే చూశాను. ఎడమచేతి చూపుడు వేలికి కొస లేదు.

"చెరుకు కాడ పోయింది. మూడో సీజన్ల" అన్నాడు, నేను అడగకుండానే.

"పండూ, నాడు ఆ గిటారుకు నేను పూసింది..."

"గొంగడి గంజి."

"నీకెప్పుడు తెలిసింది?"

"గా దినమే. వానల తడిస్తే మా తాత గొంగడి గదే వాసనొస్తుండె."

"మరి చెప్పకపోతివి?"

"చెప్పిన గదన్నా. తెల్లారి మాస్టర్ ఇంటికి పోయి చెప్పిన. 'స్టూడియో వెట్టుకున్నోడు నీ అసుంటోని మీద అబద్ధమెందుకాడతడు, పో' అన్నడు. కొన్ని దినాలకు నిన్నడుగుదామని వచ్చిన. నువ్వు హోటల్ల కూసున్నవ్. అప్పుడే సబ్బు కాడికొచ్చినవ్. మంది మస్తు నవ్వుతున్నరు. బయట్నుంచే మర్లి పోయిన."

నా దగ్గర ఇక మిగిలింది ఒక్కటే మాట. "నన్ను మాఫీ జెయ్యి తమ్మీ."

పండు నవారు బిగించి లాగి ముడి వేశాడు. "మాఫీ జేస్తే నా పేరు వాపసొస్తదా? ఏడ జెప్పినవో ఆడ్నే జెప్పు. గట్లనే నవ్విచ్చుకుంట జెప్పు. నా బిడ్డ రేపు బడిల పాఠం జెప్పబోతది. పోరగాండ్లు ఎన్కనుంచి కాల్వ, కాల్వ అని ఒర్రొద్దు."

అక్కడి నుంచి నేరుగా హోటలుకు వెళ్లాను. కూర్చున్నవాళ్లలో సగం మంది పాత శ్రోతలే. మొత్తం చెప్పాను. గొంగడి, మల్లవ్వ, మేక, పన్నీరు, నేను మింగిన గుటక, అన్నీ. నాకున్న విద్యనంతా వాడాను. మేకలా నాకి కూడా చూపించాను. ఒక్కరూ నవ్వలేదు.

హోటలాయన తుడుస్తున్న బల్ల తుడవడం ఆపాడు. "గిది మంచిగ లేదన్న. సబ్బు లేదు, బర్రె లేదు. కాల్వదే జెప్పు."

"గది అబద్ధమయ్యా! గిదే నిజం!"

మూలన కూర్చున్న ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. "సూసిన్రా? గా కాల్వ పండు మీద దయతోని తప్పంత మీదేసుకుంటుండు. మనిషంటే గిట్లుండాలె" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ రోజు కూడా నా టీ డబ్బులు ఎవరో కట్టేశారు.

కాబట్టి అచ్చులో, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, తీగలున్న ఏ కట్టెకూ నీళ్లలో కలిపినది ఏదీ పూయను. తెలియని రంగుకు హైదరాబాదు పేరు పెట్టను. ఏ గిటారునైనా ముందు జానెడు పక్కకు వంచి చూస్తాను. ఇక ప్రతి శనివారం ఆ హోటలుకు వెళ్లి, నా టీ డబ్బులు నేనే ముందుగా ఇచ్చేసి, నవ్వు రాని ఈ కథను మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. వినలేక జనం లేచిపోయినా చెబుతాను. ఇప్పటికి నాలుగు శనివారాలు అయ్యాయి. నిన్న నన్ను చూడగానే హోటలాయన రేడియో గొంతు పెంచాడు. దానికంటే పెద్ద గొంతుతో మొదలుపెట్టాను.