ఆడలేదు, పో

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన నా వేబ్రిడ్జి ఉంది. లోడు లారీలను తూకం వేసి చీటీ ఇవ్వడం నా పని. ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు మునిరత్నానిది. ముప్పై ఏళ్లుగా అతను లారీల ముందు చక్రాల పని తప్ప మరొకటి ముట్టలేదు. ఇంజను సంగతి ఎత్తితే ముఖం తిప్పుకునేవాడు. ఒళ్లంతా గర్వం. ఆ గర్వానికి తగిన పనితనం కూడా ఉండేది, కాదనను.

స్టీరింగ్ వణకడాన్ని మా వైపు 'ఆడటం' అంటారు. స్టీరింగ్ ఆడుతోందని బండి వస్తే మునిరత్నం ముందు పానా పట్టడు. డ్రైవరును పక్కకు జరిపి తానే ఎక్కి, ఎడమచేతి రెండు వేళ్లు స్టీరింగ్ మీద ఆనించి, ఫ్లైఓవరు దాకా పోయి వస్తాడు. నలభై స్పీడులో వణికి అరవైలో తగ్గితే చక్రం బ్యాలెన్సు తప్పింది. గుంతలో పడగానే మొదలై, బ్రేకు తొక్కేదాకా ఆగకపోతే చక్రం పక్కలకు తిరిగే కడ్డీ, అంటే కింగ్ పిన్ను గాని, రెండు చక్రాలనూ కలిపే రాడ్డు చివరలు గాని అరిగాయి. దిగి ఒక్క మాట చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. డ్రైవర్లు దీన్ని నాడి పట్టడం అనేవాళ్లు. పని అయ్యాక మళ్లీ ఒక చుట్టు తిప్పి వచ్చి, "ఆడలేదు, పో" అనేవాడు. ఆ మాట వినకుండా ఎవడూ గేరు వేసేవాడు కాదు.

రెండేళ్ల కిందట ఆ ఎడమచెయ్యే వణకడం మొదలైంది. దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు. టీ గ్లాసు కుడిచేత్తో అందుకునేవాడు. నాకు తెలుసు, కానీ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. ఏం మర్యాదో, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఈ మామిడి కాయల కాలం మొదట్లో మురుగేష్ లారీ వచ్చింది. మురుగేష్‌ది నగరి, మగ్గం వదిలి స్టీరింగ్ పట్టినవాడు. మునిరత్నం నాడి పట్టి రాడ్డు చివరలు మార్చాడు. చుట్టు తిప్పితే ఇంకా ఆడుతోంది. కింగ్ పిన్నులు మార్చాడు. ఇంకా ఆడుతోంది.

"ఇప్పుడు బాగుండాదన్నా, నాకేం తెలీడంల్యా" అని మురుగేష్ చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రం ఇంట్లో సంగటి తింటూ ఎడమచేత్తో చెంబు ఎత్తితే నీళ్లన్నీ పంచె మీద పడ్డాయి. అప్పుడు భార్య జ్ఞానాంబతో అన్నాడట, "ఆడేది బండి కాదు జ్ఞానం, నేను."

మర్నాడే ఆమె తిరుపతికి తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించింది. నరాల జబ్బు, అణచి ఉంచవచ్చు గాని పోదు అన్నారు. మాత్రలు ఇచ్చి, రెండు వారాలకు గాని గుణం కనబడదని చెప్పారు.

మాత్రలు మొదలైన పదో రోజు పొద్దున మురుగేష్ మళ్లీ వచ్చాడు. పుంగనూరు తోటల్లో తోతాపురి కాయ ఎత్తుకుని మొగిలి ఘాటు దిగి రావాలి.

"గుంతలో పడితే కొంచెం ఆడతా ఉండాదన్నా. ఒకసారి సూడు."

మునిరత్నం ఎక్కి రెండు వేళ్లు ఆనించి తిప్పుకొచ్చాడు. దిగినప్పుడు అతని ముఖం నేను చూశాను. వేళ్లకు వణుకు తగిలింది. రెండు వారాలు ఇంకా నిండలేదు గనుక తన చేతిదే అనుకున్నాడట. అరగని సామాను మళ్లీ విప్పి నలుగురిలో నవ్వులపాలు కావడం ఇష్టం లేకపోయింది.

"ఆడలేదు, పో" అన్నాడు.

మురుగేష్ గేరు వేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మునిరత్నం నా గదిలో కూర్చుని టీ తాగుతున్నాడు. రెండేళ్లు మూసుకున్న నా నోరు ఆ రోజు ఊరకుండలేదు. "ఏం రత్నం, ఈ రోజు నీ చెయ్యి ఆడలేదే!" అన్నాను.

అతను గ్లాసు వంక చూసుకున్నాడు. తనకు తెలియకుండానే ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. టీ మీద మీగడ కూడా కదలడం లేదు.

"ఎప్పట్నించి, పరంధామా?"

"పొద్దున్నించి సూస్తానే ఉండా. షెడ్డు తాళం తీసేటప్పుడు గూడా ఆడలేదు."

గ్లాసు కింద పడింది. "అయితే పొద్దున ఆడింది బండేనబ్బా! వాన్ని నేనే పంపించేస్తిని గదా!"

ఫోను చేశాం. మోగుతోంది, తీయడం లేదు. స్టీరింగ్ మీద చెయ్యి ఉండగా ఫోను ముట్టద్దని మురుగేష్‌కు ఒట్టు పెట్టించింది మునిరత్నమే.

నా మోటారు సైకిలు మీద బయలుదేరాం. ఘాటులో ఎదురొచ్చే ప్రతి లోడు లారీనీ లేచి నిలబడి చూస్తున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా లోయ వైపు తొంగి చూసి, "ల్యా, ఈడ ల్యా" అంటున్నాడు. నేను వినాయకుడికి ఎన్ని టెంకాయలు మొక్కానో లెక్కలేదు.

ఘాటు పైన టీ కొట్టు దగ్గర మురుగేష్ లారీ కదలబోతోంది. మునిరత్నం బండి మీద నుంచి దూకి లారీకి అడ్డంగా నిలబడ్డాడు.

ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపాం. "పరంధామా, టైరు పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపు" అన్నాడు. ఊపాను. లోపల టకటకమంది. నాలాంటి తూకం వేసేవాడికి కూడా తెలిసేంత ఆట ఉంది. మునిరత్నం కిందికి దూరాడు. కింగ్ పిన్ను కదలకుండా పట్టే లాకు నట్టు చివరి మరల దాకా వదులై వచ్చేసింది. మరో రెండు మలుపులు తిరిగితే ఊడేది. మొన్న అక్కర్లేని పిన్ను మార్చినప్పుడు వణికే చేత్తో బిగించిన నట్టు అది.

బయటికి వచ్చి అంతా చెప్పేశాడు, చేతి సంగతీ, మాత్రల సంగతీ, ఏదీ దాచలేదు. మురుగేష్ ముఖం పాలిపోయింది.

"నాకిద్దరు బిడ్లు ఉండారన్నా. ఒక్క మాట చెప్పకూడదా?"

మునిరత్నం ఆ నట్టు మళ్లీ ముట్టలేదు. అతను చెబుతుంటే నేనూ మురుగేష్ కలిసి బిగించాం. జాకీ దించాక మురుగేష్ డోరు పట్టుకుని నిలబడిపోయాడు. మా ఇద్దరికీ అర్థమైంది, ఆ మాట కోసం చూస్తున్నాడు.

"నన్నడగద్దబ్బా. చెయ్యి ఆడితే బండి అంటిని, బండి ఆడితే చెయ్యి అంటిని. ఇంక ఆ మాట నా నోటితో చెప్పను" అంటూ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ముప్పై ఏళ్లలో అతను ఏడవగా చూడటం నాకదే మొదలు.

మురుగేష్ లారీ ఎక్కాడు. తక్కువ గేరులో దిగుతుంటే వెనకాలే మేం వచ్చాం. ఘాటు కింద ఆపి దిగాడు. నేరుగా మునిరత్నం దగ్గరికి వచ్చి, ఎడమచేతి రెండు వేళ్లు చూపించాడు.

"గుంతలన్నీ సూసి సూసి తొక్కినా. ఆడలేదన్నా." మెల్లగా అన్నాడు, "ఇంటికి పో."

మునిరత్నం తల ఊపి నా వెనక ఎక్కాడు. భుజం మీద అతని రెండు వేళ్లు ఇల్లు చేరేదాకా వణుకుతూనే ఉన్నాయి. అది జబ్బో, ఏడుపో నాకు తెలియలేదు. నాడి పట్టడం నాకు రాదు.