పాత దుప్పటి మీద మొదటి కత్తెర

‘కొత్త వెర్షన్ వచ్చింది, ఇక్కడ నొక్కండి’ అనే ఆ ఎర్రగీతంటే కుట్టుపని ఆవిడకి ఒళ్ళు మంట. బ్లాగు లోపలికి వెళ్ళినప్పుడల్లా అది నెత్తిన కూర్చునేది. “నువ్వూ వద్దు, నీ కొత్తదనమూ వద్దు, నీ దారిన నువ్వు పో” అని గొణుక్కుంటూ పేజీ కిందికి జరిపేసేది. అలా ఏళ్ళ తరబడి జరిపింది. తప్పేముంది చెప్పండి? శుభ్రంగా నడిచే బండిని ఎవరైనా పనిగట్టుకుని ఆపి విప్పుతారా?

పైగా ఆ బ్లాగు ఆవిడది కాదు, వాళ్ళాయనది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పగలంతా స్టీరింగు తిప్పి, ఇంటికొచ్చాక ఆ రోజు బస్సెక్కినవాళ్ళ గురించి రాసేవాడు. నిద్రపోయి స్టాపు దాటిపోయి, తిరుగు ట్రిప్పులో మళ్ళీ నిద్రపోయిన గుమాస్తా. ఉద్యోగంలో మొదటిరోజని దారి పొడుగునా జుట్టు సర్దుకుంటూనే ఉన్న అమ్మాయి. రాసింది చాలక, రాసిందంతా అన్నం దగ్గర మళ్ళీ చెప్పేవాడు. “ఈయన నోటికి బ్రేకు లేదు, బస్సుకైనా ఉందో లేదో” అని ఆవిడే వెక్కిరించేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సగం పోయింది, మాట మొత్తం పోయింది. చెప్పాలనుకున్నది లోపల తిరుగుతూనే ఉంటుంది, కళ్ళల్లో కనిపిస్తుంది, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క ఊడిపడదు. ఎదురుగా అక్షరాలుంటే చదవగలడేమోనని, మాట నేర్పే డాక్టరమ్మ పేపరు ఇచ్చి చూసింది, పిల్లల కథలు ఇచ్చి చూసింది. రెండక్షరాలకే ఆగిపోయాడు. ఓ రోజు కుట్టుపని ఆవిడ విసుగెత్తి ఆయన బ్లాగే తెరిచి ముందు పెట్టింది. “బస్సు కదిలింది” అని చదివాడు! తను రాసుకున్న మాటలు కదా, నాలుకకి దారి తెలిసినట్టుంది. అప్పట్నించి రోజూ పొద్దున టపా అని ఆయన పిలిచే ఆ రాతల్లో ఒకటి చదవడం అలవాటైంది. చదివి ముగించాడా, మళ్ళీ మౌనమే. ఆ ఇంట్లో ఆయన గొంతు వినాలంటే ఆ బ్లాగు తప్ప ఇంకో దారి లేదు. ఇప్పుడు చెప్పండి, ఆవిడ ఎర్రగీతని ముట్టుకుంటుందా?

కానీ ముట్టుకోక తప్పని రోజొచ్చింది. ఇంత పాత సాఫ్ట్‌వేరుని నెలాఖరు తర్వాత మా దగ్గర నడవనివ్వమని, బ్లాగుకి చోటు అద్దెకిచ్చిన కంపెనీ కబురు పెట్టింది. మార్చకపోతే బ్లాగు తెరుచుకోదట. ఆవిడ వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

మరిది ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. కంప్యూటర్ల గురించి ఎంత తెలుసో, దానికి రెట్టింపు ధైర్యం. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, కుట్టుమిషను పక్కన ముక్కల మూట మీద కూర్చున్నాడు.

“ఒక్క నొక్కుడే కదా వదినా, దీనికింత హైరానా ఎందుకు? ఇలా ఇవ్వు.”

“చెయ్యి తియ్యవయ్యా బాబూ! నొక్కాక పాడైతే?”

“పాడవదు.”

“అవదని రాసిస్తావా?”

మరిది తల గోక్కున్నాడు. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న అన్న వైపు చూశాక, ఆ మాట రాసివ్వలేనని అతనికే అర్థమైంది.

ఆవిడ కుట్టుపనిలో ఒక పద్ధతుంది. ఎవరైనా కొత్త తరహా కుట్టు అడిగితే, ముందు పాత దుప్పటి మీద కత్తిరించి, కుట్టి, వాళ్ళకి తొడిగి చూశాకే అసలు గుడ్డ మీద కత్తెర పెడుతుంది. దుప్పటి తొడుక్కుని అద్దం ముందు నిలబడాలంటే కొందరికి నామోషీ. ఆవిడ వినదు.

“మరి దీనికి పాత దుప్పటేదీ?” అంది.

మరిది నవ్వాడు. “ఉంది వదినా. బ్లాగు నకలు నా లాప్‌టాప్‌లో పెట్టి, కొత్తది ముందు దాని మీదే వేసి చూద్దాం. చెడితే నకలే చెడుతుంది.”

“ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా! నకలు నా దగ్గరే ఉంది.”

గుండీల డబ్బాలోంచి, మఖమల్ ముక్కలో చుట్టిన పెన్ డ్రైవ్ తీసింది. బ్లాగు ఫోల్డరంతా ఇందులోకి లాక్కోమని ఎప్పుడో మరిదే నేర్పాడు. ఆవిడ నెలనెలా లాక్కుంటూనే ఉంది. మరిది దాన్ని గుచ్చి, నకలు పెట్టి, తెరిచాడు.

‘స్వాగతం. మీ బ్లాగుకి ఏం పేరు పెడతారు?’ అని అడిగింది తెర.

“అదేంటి? పేరుందిగా దానికి!”

మరిది మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అదే ప్రశ్న. ఫోల్డర్లు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. ఫోటోలున్నాయి, సరంజామా ఉంది. ఒక్క టపా లేదు.

“వదినా...” అన్నాడు నీళ్ళు నములుతూ. “బొమ్మలు ఒకచోట ఉంటాయి, రాసిన మాటలు ఇంకోచోట ఉంటాయి. డేటాబేస్ అని, అది వేరే దించుకోవాలి. అప్పట్లో నాకూ తెలీదు.”

ఆవిడ ఆ మఖమల్ ముక్క వైపు చూసింది. ఇన్నాళ్ళూ మఖమల్లో చుట్టి కాపాడింది బస్సు ఫోటోలనా! ఇది చేతిలో ఉందన్న ధీమాతో ఆ ఎర్రగీత నొక్కేసి ఉంటే? మరిది మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. దాచుకున్నామనుకుంటాం, దాచిందేమిటో ఒక్కసారీ విప్పి చూడం. మనుషులం అందరం ఇంతే కాబోలు.

“నీకు తెలీదన్న సంగతి నీకు తెలీకపోవడమే కదయ్యా కొంపలు ముంచేది!” అంది. అని, కళ్ళు తుడుచుకుంది. “సరే. ఆ మాటలుండేది ఎక్కడో అక్కణ్ణించి దించు ముందు.”

దించారు. ఈసారి నకలు తెరిస్తే ‘బస్సు కదిలింది’ కనిపించింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. గుమాస్తా ఉన్నాడా, జుట్టు సర్దుకునే అమ్మాయి ఉందా అని పాతవన్నీ తెరిపించి చూసింది. అప్పుడు ఆ నకలు మీద కొత్త వెర్షన్ వేయించింది. తెరంతా తెల్లగా అయిపోయింది.

“చచ్చాం!” అన్నాడు మరిది.

“చచ్చింది దుప్పటి, మనం కాదు. ఎందుకు చచ్చిందో చూడు.”

వెతగ్గా వెతగ్గా దొరికింది. ఆయన కళ్ళకి వీలుగా అక్షరాలు పెద్దవి చేయడానికి ఎప్పుడో తగిలించిన అదనపు సరుకొకటి ఉంది. దాన్ని తయారుచేసినవాడు ఎప్పుడో వదిలేశాడు, కొత్తదానితో దానికి పొసగడం లేదు. నకలు మళ్ళీ మొదటినుంచి పెట్టారు. తగిలించినవన్నీ ముందు ఆపి, కొత్త వెర్షన్ వేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి లేపారు. ఆ ఒక్కటీ తీసేసి, అక్షరాల సైజు వేరేచోట పెంచారు. కుదిరింది. అప్పుడు అసలు బ్లాగు దగ్గరికొచ్చి, అందులోని ఫోల్డరూ మాటలూ మరోసారి తాజాగా దించుకుని, ఆ ఎర్రగీత మీద ఆవిడ తనే నొక్కింది. అది గిరగిరా తిరిగి ఆగింది.

బ్లాగు తెరుచుకుంది. “హమ్మయ్య!” అన్నారు ఇద్దరూ.

“ఇంకొక్కటి చూడాలి వదినా, కొత్త టపా పడుతుందో లేదో. నీకు తోచింది ఏదో ఒకటి రాయి, తర్వాత తీసేద్దాం.”

ఆవిడ అందులో ఎన్నడూ ఒక్క అక్షరం రాసి ఎరగదు. అది ఆయన చోటు. కాసేపు కీబోర్డు వైపే చూసి, ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టింది: ‘మా ఆయన ఇప్పుడు బస్సు నడపడం లేదు. ఇంట్లోనే ఉన్నాడు. బాగానే ఉన్నాడు. ఇల్లు బోసిగా ఉంది.’

“పడింది!” అన్నాడు మరిది. “అంతా సవ్యంగా ఉంది. ఇక దీన్ని తీసేస్తున్నా.”

ఆయన ఎప్పుడు లేచాడో, గోడ పట్టుకుని ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. వెనక నిలబడి, తెర మీది ఆ నాలుగు ముక్కలూ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఎడమచేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకుని ఆపాడు. గొంతు నరాలు ఉబ్బాయి. దవడ రెండుసార్లు ఊరికే కదిలింది.

“ఉం... ఉండనీ,” అన్నాడు.

ఆవిడ గబగబా తెరంతా వెతికింది. ఆ మాట అందులో ఎక్కడా లేదు.