అసౌకర్యానికి చింతిస్తున్నాం

బస్టాండులో మైకు ముందు కూర్చుని సగం జీవితం గడిపిన మనిషి ఆవిడ. నోరు తెరిస్తే "ప్రయాణికులకు గమనిక" అనే మొదలుపెట్టేది కనుక ఊరంతా గమనికమ్మ అని పిలిచేవారు. అసలు పేరు కన్నవాళ్లకీ, జీతాలిచ్చే గుమాస్తాకీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. కన్నవాళ్లు పోయారు, గుమాస్తా బదిలీ అయ్యాడు, దాంతో ఆ పేరు కూడా వెళ్లిపోయింది.

అలాంటి గొంతు మళ్లీ పుట్టదు. ఆఖరి బస్సు రద్దయిందని ఆవిడ చెబితే జనం తిట్టుకోరు సరికదా, "పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది" అని ఆవిడనే ఓదారుస్తూ మూటలు సర్దుకునేవారు. అందులో కిటుకేమీ లేదు. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అందరూ నోటితో అంటారు, ఈవిడ నిజంగానే చింతించేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా, చంటిబిడ్డతో బెంచీ మీద మిగిలిపోయిన ఆ తల్లి ఇల్లు చేరిందో లేదో అని బెంగపెట్టుకునేది. ఆ అలవాటు వంటింట్లోకీ వచ్చేసింది. పప్పు ఉడకకపోతే గుమ్మంలోకి వచ్చి, పప్పు కొంత ఆలస్యంగా నడుస్తోందని మొగుడికి ప్రకటించి మరీ చింతించేది.

మొగుడు మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చం అలాంటివాడు. ఊళ్లో మైకులన్నీ ఆయనవే, అయినా మైకులో ఆయన జీవితం మొత్తానికి మాట్లాడింది "హలో హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" ఒక్కటే. కుర్రతనంలో బస్టాండు లౌడ్‌స్పీకరు బాగుచేద్దామని నిచ్చెనెక్కి, పక్కనే వినబడిన గొంతుకు చేతిలో స్పానరుతో అలాగే ఆగిపోయాడట. బాగుచేసిన స్పీకరు వారం తిరక్కుండా పాడైంది. మళ్లీ వచ్చాడు, మళ్లీ పాడైంది. దాన్ని చెడగొడుతున్నది ఎవరో బస్టాండు మేనేజరుకు అర్థమయ్యేసరికి ఇద్దరికీ పెళ్లే అయిపోయింది.

ఇలా బతుకుతున్న మనిషిని నిరుడు ఇంటికి పంపేశారు. ప్రభుత్వం వారు కొత్తగా ఒక యంత్రం పెట్టించారు. అందులో ఎవరో అమ్మాయి గొంతు. బస్సు వచ్చినా, రద్దయినా, బ్రేకులు ఫెయిలై గోడకు గుద్దుకున్నా ఆ పిల్లకు ఒకటే సంబరం. గమనికమ్మ రోజూ సాయంత్రం బస్టాండుకెళ్లి బెంచీ మీద కూర్చుని ఆ గొంతు వినేది. రద్దయిన బస్సు గురించి యంత్రం కులాసాగా చెప్పినప్పుడల్లా పక్కవాళ్లతో మెల్లగా చింతించి వచ్చేది. ఆవిడకు ఇంకో కోరిక లేదు. ఆ ఇరుకు గది, ఆ కుర్చీ, ఆ మైకు మళ్లీ కావాలి. అంతే.

సరిగ్గా అప్పుడే దేశానికి ఎన్నికలొచ్చాయి. అధికార పార్టీ పరిస్థితి అంతటా అంతంతమాత్రంగానే ఉంది, మా ఊళ్లో అయితే ఆ మాత్రం కూడా లేదు. మంచినీళ్ల పైపులు వేస్తామని రోడ్లన్నీ తవ్వారు. గోతులు వచ్చాయి, పైపులు రాలేదు. గడపలముందు బల్లచెక్కలు వేసుకుని దాటుకుంటూ పోయే జనం ఆ పార్టీ ఎంపీగారి కోసం ఎదురుచూస్తున్నారు, కాకపోతే ఆయన ఆశించిన విధంగా కాదు. ప్రచారం చూసేది ఆయన మేనల్లుడు. పెద్ద చదువులు చదివిన కుర్రాడు. సర్వేలన్నీ చూసి, ఈసారి మనకు గాలి లేదు మామయ్యా, ఉన్నదంతా ఎదురుగాలే అని తేల్చేశాడు. ఈ ఊరు నమ్మేది ఒక్క గొంతునే, దాన్ని పట్టుకుంటే తప్ప గట్టెక్కమని కూడా చెప్పాడు.

అందుకని ఎంపీగారు స్వయంగా బల్లచెక్క మీద అడుగులో అడుగేసుకుంటూ గమనికమ్మ ఇంటికి వచ్చారు. ఆవిడ మంచినీళ్లిచ్చి, తనకు పార్టీల సంగతి తెలియదనీ, బస్సు ఏ రంగుదైనా ఎక్కించడమే తన పనీ అని చెప్పింది. ఎంపీగారు గ్లాసు కింద పెట్టారు.

"గెలిస్తే మీ కుర్చీ మీకు ఇప్పించే పూచీ నాది, అమ్మా" అన్నారు.

ఆయన వెళ్లాక గమనికమ్మ మొగుడి ముఖం చూసింది. "ఒప్పుకో. కానీ మాటకు రసీదు ఉండదే" అన్నాడాయన, మైకు తీగ చుట్టుకుంటూ.

మర్నాడు ప్రచారం వ్యాను బయల్దేరింది. వ్యాను మీద ఆయన లౌడ్‌స్పీకర్లు, లోపల ఆవిడ గొంతు, పక్కన మేనల్లుడు రాసిచ్చిన కాగితం. అభివృద్ధి మీ ముంగిట్లోకి వస్తోంది, స్వాగతం పలకండి అని ఆ కాగితం సారాంశం. ఆవిడ చదువుతుంటే అభివృద్ధి నిజంగానే మలుపు తిరిగి వస్తోందేమో అని ఒకరిద్దరు వీధి చివరికి తొంగి చూశారు కూడా. అంతా సవ్యంగా సాగుతుండగా బజారు మధ్యలో వ్యాను చక్రం గోతిలో దిగబడింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి అంతకంటే గట్టిది. ఆవిడ ఎదుట ఏదైనా బండి ఆగిందంటే చెయ్యి దానంతటదే మైకు మీదికి పోతుంది.

"ప్రజలకు గమనిక. రోడ్డు పనుల కారణంగా అభివృద్ధి ఆలస్యంగా నడుస్తోంది. ఎప్పుడు వచ్చేదీ తెలియవలసి ఉంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

బజారు బజారంతా ఒక్క క్షణం నోరెళ్లబెట్టింది. ముందు మందుల షాపాయన నవ్వాడు. తర్వాత దర్జీ మిషను ఆపి నవ్వాడు. ఆ తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. పొట్టలు పట్టుకుని నవ్వుతూనే పదిమంది కలిసి వ్యానును గోతిలోంచి లేపారు. ఒక ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, నీళ్ల సంగతి కూడా కాస్త చెప్పమ్మా అని అడిగాడు. అడిగిన ప్రయాణికుడికి సమాచారం ఇవ్వకపోవడం ఆవిడకు చేతకాదు. మంచినీళ్లు రోజు విడిచి రోజు నడుస్తున్నాయనీ, రేపటి వివరాలు అందలేదనీ ప్రకటించి, దానికీ చింతించింది. ఎందుకంటే వాళ్లింట్లోనూ బిందెలు ఖాళీయే.

వెనకే వస్తున్న మేనల్లుడు పరుగున వచ్చి వ్యానెక్కి మైకు లాక్కున్నాడు.

"అధికారంలో ఉన్నవాళ్లు చింతించకూడదు అత్తయ్యా. చింతించడం ప్రతిపక్షం పని" అన్నాడు.

ఆవిడను ఇంటి దగ్గర దింపేశారు. కుర్చీ చేతికందినట్టే అంది జారిపోయిందని ఆ సాయంత్రం గమనికమ్మ ఏడ్చింది. తన నోటితో తనే పోగొట్టుకున్నానని ఏడ్చింది. మొగుడు టీ కాచి చేతికిచ్చి, అది చల్లారిపోతే మళ్లీ వేడిచేసి ఇచ్చాడు.

తెల్లారేసరికి ఆ ప్రకటన ఊళ్లో ఉన్న ప్రతి ఫోనులోనూ మోగుతోంది. ఆవిడ లేకుండా వ్యాను వస్తే జనం తలుపులు మూసుకున్నారు. గమనికమ్మేదీ అని పిల్లలు వెంటపడ్డారు. పార్టీ ఆఫీసు ముందు ఆడవాళ్లు గుంపుగా చేరి, ఇన్నేళ్లకు ఒక్క ప్రభుత్వం క్షమించమని అడిగిందనుకుంటే ఆ ఒక్క మనిషినీ తీసేశారా అని దులిపేశారు. మేనల్లుడు సర్వే మళ్లీ చేయించుకుని, అంకెలు చూసి కళ్లు నులుముకుని, ఆవిడను మళ్లీ పిలవడానికి బల్లచెక్క మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. నవ్వు నాలుగు విధాల చేటన్నారు గానీ, అయిదో విధంగా ఓట్లు తెస్తుందని ఆ కుర్రాడు చదివిన పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

ఇక ఆ ఎన్నికల సంబరం చూసి తీరవలసిందే. ఏ వీధికి వెళితే ఆ వీధి కష్టానికి గమనికమ్మ చింతించేది. వీధి దీపాలు సాంకేతిక కారణాల వల్ల వెలగడం లేదు, చింతిస్తున్నాం. రేషన్ షాపు డీలరు గారు నిద్ర నుంచి బయల్దేరవలసి ఉంది, చింతిస్తున్నాం. ప్రతిపక్షం వాళ్లు ఇది చూసి ఓర్వలేక తామూ ఒకావిడను వ్యానెక్కించారు. తీరా ఎక్కించాక, అధికారంలో లేనివాళ్లు దేనికని చింతించాలో తెలియక ఆవిడ వాతావరణం గురించి చెప్పి దిగిపోయింది.

ఆఖరి సభలో గమనికమ్మకు వేదిక మీదే కుర్చీ వేశారు. ఆస్పత్రి కట్టించామని ఎంపీగారు ఛాతీ విరిచారు. భవనం సకాలంలో చేరుకుందని, డాక్టరుగారు మాత్రం ఇంకా రావలసి ఉందని ఆవిడ పక్క మైకులోంచి చెప్పింది. జనం పడీపడీ నవ్వారు. మొదట్లో ఎంపీగారు ముఖం చిట్లించుకున్నారు, రెండు మూడు మాటలయ్యాక ఆయనకూ రుచి తెలిసింది, ఒక్కో గొప్ప చెప్పి ఆవిడ వంక చూసి ఆగడం మొదలుపెట్టారు. చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఈ గోతులు తన హయాంలోనే తవ్వారనీ, తప్పు తనదేననీ ఒప్పుకున్నారు. చప్పట్లు కొట్టాలో కూడదో జనానికి తెలియలేదు. ఇలాంటి సందర్భంలో ఏం చేయాలో అలవాటు లేదు మరి. తెలిశాక మాత్రం ఆపలేదు.

పార్టీ దేశమంతటా చావుతప్పి కన్నులొట్టపోయినట్టు గెలిచింది. మా ఊళ్లోనూ వెంట్రుకవాసిలో గెలిచింది. గమనికమ్మ ఉతికిన చీర మడతపెట్టి, కుర్చీ కబురు కోసం కూర్చుంది.

కబురు రాలేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఎంపీగారు రాజధానిలో ఉన్నారు. మేనల్లుడికి ఫోను చేస్తే ఫైలు కదులుతోంది అత్తయ్యా అనేవాడు. ఏ గడప నుంచి ఏ గడపకు కదులుతోందో చెప్పేవాడు కాదు. ఆలస్యాలు సహజమేనని ఆవిడ తనకు తనే సర్దిచెప్పుకుంది. అయితే ఇంట్లో పప్పు ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి ప్రకటించడం మానేసింది. పళ్లెం పెట్టి ఊరుకునేది. మొగుడు ఆ పళ్లెం వంకా ఆవిడ వంకా చూసి, అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఎట్టకేలకు పైపులు వచ్చాయి. వాటిని ప్రారంభించి ఓటర్లకు కృతజ్ఞతలు చెప్పడానికి బస్టాండు ఆవరణలోనే సభ పెట్టారు. మైకుసెట్టు ఎవరిదో చెప్పనక్కర్లేదు. గమనికమ్మ ఎప్పటిలాగే తన బెంచీ మీద కూర్చుంది. ఎంపీగారు దండలతో వేదికెక్కారు. మైకుసెట్టాయన మైకు సరిచూడటానికి ముందుకొచ్చాడు.

"హలో హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ..."

మూడు రాలేదు. మైకు పాడైందనుకుని జనం తలలెత్తారు. మైకు బాగానే ఉంది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ప్రయాణికులకు గమనిక" అన్నాడు. ఆ గొంతులో వన్ టూ త్రీ కాక ఇంకో మాట ఊళ్లో చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారు. "ఎంపీగారింటి నుంచి మా ఇంటికి రావలసిన మాట ఆలస్యంగా నడుస్తోంది. మా ఆవిడ ఇంకా బెంచీ మీదే కూర్చుని ఉంది. కలిగిన..."

మిగతా మాట మందుల షాపాయన అందుకున్నాడు, దర్జీ అందుకున్నాడు, బస్సుల్లో కూర్చున్నవాళ్లు కిటికీల్లోంచి అందుకున్నారు. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఊరంతా ఒక్క గొంతుతో అంది. అని, నవ్వింది. ఆ నవ్వు ఎంపీగారికి బాగా తెలిసిన నవ్వే. ఆయన్ను గెలిపించిందీ అదే. మేనల్లుడు చెవిలో ఏదో చెప్పబోతే చేత్తో ఆపేసి, దండలు తీసి అతని మెడలోనే వేసి, వేదిక దిగారు. బెంచీ దగ్గరకొచ్చి, నిజంగానే చింతిస్తున్నానమ్మా అన్నారు. బస్టాండు మేనేజరు మైకు గది తాళాలు తీశాడు. యంత్రం ఏదో బస్సు రద్దయిందని సంబరంగా చెబుతుండగా మధ్యలోనే దాని నోరు నొక్కేశారు.

గమనికమ్మ కుర్చీలో కూర్చుంది. చీర కొంగుతో మైకు మీది దుమ్ము తుడిచింది. ఏం చెప్పాలో ఆవిడకు ఆలోచించే అవసరమే రాలేదు.

"గమనిక. మైకుసెట్టు ఆయన ఎక్కడున్నా వెంటనే అనౌన్స్‌మెంటు గది దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం. ఇక్కడ ఆయన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు."

ఆయన అప్పటికే సభ లౌడ్‌స్పీకరు దింపడానికి నిచ్చెన మీదున్నాడు. చేతిలో స్పానరు అలాగే ఆగిపోయింది.

ఆ తర్వాత వారం తిరక్కుండా బస్టాండు స్పీకరు పాడైంది. ఎవరు చెడగొట్టారని ఈసారి మేనేజరు ఎవర్నీ అడగలేదు.