ఎన్నడూ లేని టాంకుకు తుప్పు

మొన్న మా కోడలు నన్ను కొండాపూర్‌లో ఒక కాఫీ హోటలుకు తీసుకుపోయింది. మేము కూర్చున్న బల్లకు రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి తుప్పు కనబడుతుంటే, కాఫీకి ఇంత గుంజేవాళ్లు బల్లకు ఓ చెయ్యి రంగు వేయించుకోలేరా అని నేను గట్టిగానే అన్నాను. కోడలు సిగ్గుపడి, అది కొత్త బల్లేననీ, పాతదానిలా కనబడాలని కావాలనే అట్లా చేయిస్తారనీ చెవిలో చెప్పింది. గోటితో గీకి చూశాను. నిజమే, రంగే. అంత బాగా కూడా వేయలేదు. తుప్పు ఎప్పుడూ అతుకుల దగ్గర, నీళ్లు నిలిచే చోట పుడుతుంది గాని, ఎండిన బల్ల నడిమధ్యలో పుట్టదు. ఈ సంగతి నాకెట్లా తెలుసంటే దాని వెనక పాతికేళ్ల నాటి ఒక కుళ్లు ఉంది. ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు, నేను అక్షరాలు దిద్దుకున్నదే కోడలొచ్చాక. తెలుగులో మాత్రం దాన్ని కుళ్లు అనే అంటారు. మన ఈడు ఆడవాళ్లకు చెబితే అర్థమవుతుంది.

అప్పట్లో మేము శేరిలింగంపల్లిలో రోడ్డు పక్కనే ఉండేవాళ్లం. ముందు మా ఆయన షెడ్డు, వెనక ఇల్లు, మేడ మీద ఒక రేకుల గది. మా ఆయనది డెంటింగు, పెయింటింగు పని. సొట్టలు పడ్డ కార్లూ ఆటోలూ వస్తే సుత్తితో సాపు చేసి, తుప్పు గీకి, పుట్టీ పట్టించి, రంగు కొట్టి కొత్తవాటిలా పంపేవాడు. మాదాపూర్ గుట్టల్లో పొద్దంతా బండలు పేల్చే మోత వినబడేది. టిప్పర్లు తిరిగి తిరిగి ఎర్రదుమ్ము మా అన్నం కంచాల్లో కూడా పడేది. కంప్యూటరు కంపెనీల్లో పనికి వచ్చిన పిల్లలు కిరాయి గదులు వెతుక్కుంటూ గల్లీలన్నీ తిరిగేవాళ్లు. అట్లా మా మేడ గదిలో ఒక కాకినాడ పిల్ల దిగింది. నన్ను పిన్నిగారూ అనీ, మా ఆయన్ని బాబాయిగారూ అనీ పిలిచేది. పిలుపు తియ్యగానే ఉండేది, అబద్ధమెందుకు.

మా ఆయన మాట్లాడని మనిషి. కోపమూ కాదు, పొగరూ కాదు, నోరు తెరవడు, అంతే. పెళ్లయిన నాటి నుండి నాతో ఆయన మాటలు అన్నం, నీళ్లు, తువాలు, తలుపెయ్యి, వీటి చుట్టూనే తిరిగాయి. మా కూతురి సంబంధం కూడా తల ఊపే ఖాయం చేశాడు. నేనేమో వసపిట్టను, ఆయన్ని అడిగేదాన్ని, జవాబు కూడా నేనే చెప్పుకునేదాన్ని. మగవాళ్లంతే, మా నాన్న కూడా అంతే కదా అనుకున్నాను గనుక అది ఒక లోటని కూడా నాకు తెలియదు, ఆ టాంకు మా ఇంటికి వచ్చేదాకా.

ఒక ఆదివారం ఆ పిల్ల రెండు అట్టపెట్టెలు పట్టుకుని కిందికి దిగింది. వాటిలో చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు; కోసి, అరగదీసి, జిగురుతో అతికిస్తే యుద్ధంలో తిరిగే టాంకు అవుతుందట, జానెడు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఓడల మీద పనిచేసే వాళ్ల మేనమామ తెచ్చాడట. వాళ్ల నాన్న సైన్యంలో టాంకులు బాగుచేసి వచ్చిన ఫిట్టరు. ఒక దేశపు టాంకు ఒంటికి ఇంకో దేశపు టాంకు తల పెట్టి ఉంటే ఎంత గట్టిగా ఉండేదో అని అన్నం తింటున్నప్పుడల్లా చెప్పేవాడట. అట్లాంటి టాంకు ఏ దేశంలోనూ తయారు కాలేదు. ఈ పిల్ల దాన్ని తయారు చేసి, దసరా వెళ్లాక నాన్న హైదరాబాదు వచ్చినప్పుడు ఆయన చేతిలో పెట్టాలనుకుంది. అందుకని రంగు కొట్టడానికి బాబాయిగారి స్ప్రే గన్ అడగడానికి వచ్చింది.

రంగు ఒక్క పూటలో అయిపోయేదే. కానీ టాంకు కొత్తగా మెరవకూడదట, ఏళ్ల తరబడి బురదలో, ఎండలో, గుండ్ల దెబ్బల మధ్య తిరిగినట్టు ఉండాలట. మాతోనే ఉండే మా అత్త విని, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంది. నేనైతే, పుట్టని పిల్లకు అమ్మవారి మచ్చలు పెడుతున్నారన్నాను. ఎవరూ నవ్వలేదు. వింటే కదా నవ్వడానికి. మా ఆయన అప్పటికే టాంకును చేతిలో తిప్పుతూ, ఏ మూలలో నీళ్లు నిలుస్తాయో, ఏ అంచు ముందుగా రంగు విడుస్తుందో ఆ పిల్లకు చెబుతున్నాడు. చెబుతున్నాడు! నేను చేటలో బియ్యం వదిలేసి వంటింటి కిటికీ దగ్గరికి పోయాను.

ఇక ప్రతి ఆదివారం అదే వరస. ముందు తుప్పు రంగు కొట్టి, దాన్ని తడిపి దొడ్డుప్పు చల్లి, పైన ఆకుపచ్చ రంగు కొట్టి, ఆరాక ఉప్పును రుద్ది రాలిస్తే, ఉప్పు ఉన్న చోటల్లా రంగు లేచిపోయినట్టు లోపలి తుప్పు కనబడేది. ఉప్పు నా వంటింటిది, మాటలు వాళ్లిద్దరివి. సముద్రం ఒడ్డు లారీకి పట్టే తుప్పు వేరనీ, మన వైపు తుప్పు వేరనీ, బండి తలుపు కింది నుండి మొదలై లోలోపల తింటుందనీ, పైకి బుడగలా లేచేసరికే పని అయిపోయి ఉంటుందనీ ఆయన చెబుతుంటే, ఈ మనిషి కడుపులో ఇన్ని మాటలున్నాయా అని నాకు ఒళ్లు మండిపోయింది. పక్కింటామె చెవి దగ్గర చేరి ఏదో అనబోతే, ఆ పిల్ల నా బిడ్డ ఈడుది, నోరు మూసుకో అని పంపేశాను. నాకు ఆ అనుమానం లేదు. ఉంటే బాగుండేదేమో, పోట్లాడటానికి ఒక దారి దొరికేది. నా ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు దక్కని మాటలు ఒక ప్లాస్టిక్ టాంకుకు దక్కుతున్నాయంటే ఎవరితో పోట్లాడాలి?

దసరాకు ఆ పిల్ల ఊరికి పోయింది. టాంకు షెడ్డులో అలమర మీద ఉంది. పండుగ పొద్దున షెడ్డులో పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కొయ్యడం మా ఇంటి ఆనవాయితీ. ఆ పని మా అత్తది, ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. నేను పూలు గుచ్చుకుని వచ్చేసరికి సుత్తులూ, పానాలూ, కంప్రెసరూ వరసగా బొట్లు పెట్టుకుని ఉన్నాయి. వాటి చివర టాంకు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కుంకుడు రసం పోసి కొబ్బరి పీచుతో తోమినట్టుంది, బురదా తుప్పూ అన్నీ పోయి లోపలి ప్లాస్టిక్ అక్కడక్కడ తెల్లగా తేలి, గొట్టం మీద మూడు బొట్లతో పెళ్లికొడుకులా మెరుస్తోంది.

మా అత్త మురిసిపోతూ, "పండుగ పూట గంత మురికి పట్టి కూసున్నది. బండి అన్నంక కడగొద్దా? తోమి బొట్టు పెట్టిన" అంది.

పండుగ నాడు మా ఆయన తల్లిని ఏమంటాడు, అందులో ఆమె చేసింది పూజ. టాంకు ముందు గొంతుక్కూర్చుని అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. నాకు మాత్రం కడుపులో చల్లగా ఉండింది. నేను చెయ్యలేదు, చెయ్యమని చెప్పలేదు, అయినా చల్లగా ఉండింది.

మర్నాడు ఆయన బండ్ల పని పెట్టుకోలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, "జర దొడ్డుప్పు పట్కరా" అన్నాడు. షెడ్డులోకి తీసుకుపోయి ఇచ్చి అక్కడే నిలబడితే, "నిలవడ్డవేంది, కూసో. గీ లైటు పట్టుకో" అన్నాడు.

కూర్చున్నాను. చూస్తూ ఊరుకునే నోరు కాదు కదా నాది. "బతుకంత తుప్పు గీకినోనివి, ఇయ్యాల తుప్పు పెడ్తున్నవ్. సిగ్గయితలేదా?" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే, "గీకెటోనికే తెలుస్తది అదెట్ల పుడ్తదో. ఇన్నేండ్లల్ల నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? ఆ పిల్ల అడిగింది" అన్నాడు.

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. అడగొచ్చని నాకు ఎవరు చెప్పారు? "నన్ను నువ్వెన్నడన్న అడిగినవా, ఈ ఇంట్ల నేనేం చేస్తనో?" అన్నాను.

చేతిలో ఉన్న ఉప్పంతా చల్లేసి, టాంకు చక్రాలను నా వైపు తిప్పాడు. తర్వాత, "సరే, ఇప్పుడడుగుతున్న. గీ మట్టి ఆరినంక పలగకుండ ఎట్ల నిలవడ్తది?" అన్నాడు.

పొయ్యికి మట్టి మెత్తే ఆడదానికి అదొక ప్రశ్నా? రోడ్డు మీది ఎర్రమన్ను పైటచెంగుతో జల్లించి, గంజి కలిపి, వేలి కొసతో చక్రాల సందుల్లో మెత్తాను. ఆ పిల్ల వచ్చేదాకా షెడ్డులో పని అయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆయన తుప్పు గురించి చెప్పినవన్నీ నేను కిటికీలోంచి ముందే విన్నవే. అయినా కొత్తగా విన్నట్టు తల ఊపాను. ఈసారి నా మొహం చూసి చెబుతున్నాడు మరి.

ఆ పిల్ల వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. మా ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెద్దమనిషి టాంకును అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు తిప్పి, ఎంతోసేపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. "బురద భలే కుదిరిందండీ. ఎవరు చేశారు?" అని అడిగాడు.

"గది మా ఆమె చేసింది" అన్నాడు మా ఆయన, అందరి ముందు.

ఆ ముక్క విని నేను ఉబ్బిపోతుండగా ఆ పిల్ల మొహం చూశాను. నవ్వుతోంది గాని కళ్లు నవ్వడం లేదు. తన నాన్న కళ్లనీళ్లు ఎవరి పనికి వచ్చాయో తేల్చుకోలేక, నా వేళ్ల వంకా ఆ బురద వంకా మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. "బాగుంది పిన్నిగారూ" అని మెల్లగా అని, టాంకును గుడ్డలో చుట్టుకుని పైకి పోయింది. తర్వాత ఆదివారాలు ఆ పిల్ల కిందికి దిగడం తగ్గింది, వేసవి రాకముందే వేరే గది చూసుకుంది. టాంకు పోయాక మా ఆయనకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు, మళ్లీ అన్నం, నీళ్లు, తువాలు. నేను గెలిచానో ఓడానో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ గల్లీ కూడా లేదు, అంతా గాజు మేడలు. సుత్తి మోతకు మా ఆయన చెవులు పూర్తిగా పోయాయి. విచిత్రమేమంటే, చెవులు పోయాక నోరు వచ్చింది. పొద్దున లేచింది మొదలు తుప్పు గురించీ, లారీల గురించీ, తన గురువు గురించీ ఆపకుండా చెబుతూనే ఉంటాడు. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు గనుక ఆ మాటలన్నీ నాకే. ఒకప్పుడు వాటిలో ఒక్కదాని కోసం కుళ్లి కుళ్లి చచ్చాను. ఇప్పుడు నేను ఏదైనా అడిగితే ఆయనకు వినబడదు, ఆయన చెప్పేది వినడానికి నాకు పోటీగా ఇంకెవరూ లేరు. ఎవరైనా ఒక పిల్ల వచ్చి ఆయన పక్కన కూర్చుని అడిగితే బాగుండును. నాకు మళ్లీ ఒళ్లు మండినా సరే.